పేరొక్కటి – పురుగులు రెండు

లోకమున చూచుట వేఱు, గుర్తించుట వేఱు. కన్నులు గలవారందఱును చూతురు. చూచినదానిని దానిని పోలిన వేఱొకదానినుండి విడదీసి, ఇది యిట్టిది యని నిర్ణయింపగలవారు కొందఱే యుందురు. రత్నపరీక్షకుడు కెంపును, గాజుపూసను ఒక్క చూపున వేఱుపఱచును. గొఱ్ఱెలకాపరి వందగొఱ్ఱెల మందలో తన గొఱ్ఱెను పోల్చుకొనును. కీటకములను గుర్తించుటయు అట్టి విద్యయే. అల్పములైన పురుగులను గుర్తించుటవలన కలుగు ప్రయోజన మేమి యని కొందఱు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు ఉత్తరము కృష్ణాతీరమందలి యొక పల్లెలో, పది సెంట్ల వంగతోటలో ఒక బాలునకు లభించినది.

ఆ తోట యొక వృద్ధరైతుది. ఆయన మనుమడు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. ఒకనాటి యుదయమున తాత వంగయాకులపై గుండ్రని చిన్నపురుగులు వ్రాలియుండుట చూచెను. వాని రంగు ఇటుకపొడి రంగు. వీపుపై నల్లని చుక్కలు.

“ఒరే అబ్బాయీ! అక్షింతల పురుగు పట్టినదిరా. డబ్బాలో నీళ్ళు పోసి కాస్త కిరసనాయిలు కలిపి తెమ్ము. ఏరి అందులో వేయుదము” అని తాత పిలిచెను.

“వద్దు తాతా! అక్షింతల పురుగు రైతునకు మిత్రము. అది పైరుకు పట్టిన పేనుబంకను తినివేయును. దానిని చంపరాదని మా పుస్తకమున వ్రాసియున్నది” అని మనుమడు అడ్డుపడెను.

తాత చేతిలోని యాకును ఒకమారు త్రిప్పి చూచెను. ఆయనకు సందేహము కలుగకపోలేదు. అయినను మనుమని చదువుపై ఆయనకు గల గౌరవము ఆ సందేహమును మించినది. “చదువుకొన్నవాడవు. నీ మాటయే కానిమ్ము” అనెను.

రెండు వారములు గడచినవి. తోటలో ఆకులు ఆకులుగా లేవు. పచ్చదన మంతయు పోయి, ఈనెలు మాత్రము మిగిలి, ప్రతి యాకును జల్లెడవలె నుండెను. పూత రాలినది. ఆ యేటి వంగకాయల పైకముతో మనుమడు బడికి పోవుటకు సైకిలు కొనవలెనని తాత తలచియుండెను. ఆ మాట ఆయన మరల ఎత్తలేదు. మనుమని ఒక్క మాటయు అనలేదు. గట్టుపై కూర్చుండి తోటవైపు చూచుచుండెను. తిట్టినచో బాలునకు కొంత యూఱట కలిగెడిది. ఆ మౌనము వానికి భరింపరాని దయ్యెను.

పుస్తకము అబద్ధ మాడినదా? ఈ ప్రశ్నతో వాడు రెండు పురుగులను, తొలచిన యాకును సీసాలో వేసికొని విజ్ఞానశాస్త్రోపాధ్యాయుని యొద్దకు పోయెను. ఉపాధ్యాయుడు భూతద్దము చేతికిచ్చి, “ముందు చూడుము, తరువాత అడుగుము” అనెను. బాలుడు చూచెను. పురుగు వీపుపై మిక్కిలి పొట్టి నూగు కలదు. అందుచేత దానికి మెఱుపు లేదు. బడి వెనుక చిక్కుడుపాదుపై మఱియొక అక్షింతల పురుగు దొరకినది. దాని వీపు నూనె పూసినట్లు నున్నగా మెఱయుచుండెను. మొదటి దాని పిల్లపురుగు పసుపుపచ్చగా ఒడలెల్ల ముండ్లతో ఆకుకు అంటుకొని కదలక మేయును. రెండవదాని పిల్లపురుగు నల్లగా, పొడవైన కాళ్ళతో పేనుబంకను వెదకుచు ఆకులపై పరుగులిడును.

పుస్తకము చెప్పినది నిజమే. బాలుడు పలికిన పేరును తప్పు కాదు. రైతులు ఆ రెండింటిని అక్షింతల పురుగులనియే పిలుతురు. శాస్త్రజ్ఞులు సయితము ఆ రెండింటిని కాక్సినెల్లిడే అను ఒక్క కుటుంబముననే చేర్చిరి. కాని ఆ కుటుంబమున అధికభాగము పేనుబంకవంటి పురుగులను తినునవి. ఎపిలాక్నా తెగకు చెందినవి మాత్రము ఆకులను తినునవి. ఒక యింట పుట్టిన వారందఱును ఒక్క స్వభావము గలవారు కారు గదా! బాలుడు పేరు నేర్చెను. ఆ పేరు ఎవరికి చెందునో నేర్వలేదు. తోట నష్టమైనది ఆ కొఱతవలననే.

లోకవ్యవహారమునందలి పేరులు పనికి చాలును, పరీక్షకు చాలవు. ఆరుద్రకార్తెలో తొలకరి చినుకులు పడగనే ఎఱ్ఱని మఖమలు గుడ్డవలె నేలపై ప్రాకు జీవిని మనవారు ఆరుద్రపురుగని ముచ్చటగా పిలుతురు. దాని కాళ్ళు లెక్కించినచో ఎనిమిది. కీటకమునకు కాళ్ళు ఆరే. కీటకశరీరము శిరస్సు, వక్షము, ఉదరము అని మూడు భాగములుగా నుండును. ఆ యారు కాళ్ళును వక్షమునకే అంటియుండును. కావున ఆరుద్రపురుగు కీటకము కాదు, సాలీడునకు చుట్టము. ఆంగ్లేయులు చెదపురుగును తెల్లచీమ యనిరి. చెదకును చీమకును పుట్టలో కాపురముండుట తప్ప బంధుత్వము లేదు. చెదలు బొద్దింకలకు సన్నిహితబంధువు లని నేటి శాస్త్రజ్ఞులు నిర్ణయించి, ఆ రెండింటిని ఒక్క క్రమమున చేర్చియున్నారు. రూపము ఒకమాట చెప్పును. వంశము మఱియొకమాట చెప్పును. రూపమును దాటి వంశమును తెలిసికొనుటయే వర్గీకరణము.

ఈ శాస్త్రమునకు చక్కని త్రోవ వేసినవాడు స్వీడను దేశీయుడైన కార్ల్ లిన్నేయసు. అతడు 1707లో జన్మించి 1778లో మరణించెను. అతనికి పూర్వము ఒక్కొక్క ప్రాణికి పండితులు పెట్టిన పేరు ఒక్కొక్క వాక్యమంత పొడవుండెడిది. లిన్నేయసు ప్రతి ప్రాణికి రెండే మాటల పేరు చాలునని నిశ్చయించెను. మొదటి మాట ప్రజాతిని, రెండవమాట జాతిని తెలుపును. మన యింటిపేరును, పెట్టినపేరును వంటిదే యిది. 1758లో వెలువడిన అతని ‘సిస్టెమా నాచురే’ పదవ కూర్పు జంతువుల శాస్త్రీయనామములకు నేటికిని మొదటిమెట్టుగా నెన్నబడుచున్నది. జాతులు ప్రజాతిగను, ప్రజాతులు కుటుంబముగను, కుటుంబములు క్రమముగను కూడును. ఈ నియమమువలన ఏ దేశమున ఏ భాష మాటలాడువారైనను ఒక పురుగును గూర్చి ఒక్క పేరుతో ముచ్చటింపగలుగుచున్నారు.

అంతటి లిన్నేయసును పొరపడినాడు. అది రాతియీగ కథ. కొండలనుండి దుముకు చల్లని సెలయేళ్ళలో, నీటి యడుగున గల రాళ్ళ క్రింద, చదునైన శరీరముతో నంటియుండు శాబకములు కొన్ని కలవు. ఇవి పెరిగి నీటినుండి వెలికివచ్చి, రాతిపై కుబుసము విడిచి, రెక్కలుగల యీగ లగును. ఆంగ్లమున వీనిని స్టోన్‌ఫ్లై లందురు, రాతియీగ లనవచ్చును. లిన్నేయసు వీనిని, ఇసుకరేణువులతో గొట్టమువంటి గూడు కట్టుకొని నీటిలో నివసించు వేఱొక పురుగులతో కలిపి, ఫ్రిగానియా అను ఒక్క ప్రజాతిలో చేర్చెను. వీనిలో నొకదానికి రెండు తోకలున్నట్లు గమనించి, ‘రెండుతోకలది’ అను నర్థమిచ్చు పేరు కూడ పెట్టెను. తోకలను చూచెను కాని, ఆ తోకలు తెలుపు భేదమును గ్రహింపలేదు. 1762లో జాఫ్రువా అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాతియీగలను విడదీసి పెర్లా యను ప్రజాతిని కల్పించెను. 1839లో జర్మనుడైన బర్మైస్టరు వీనికి ప్లీకాప్టెరా యను క్రమమునే ఏర్పఱచెను. ముడుచుకొన్న రెక్కలు గలవని దాని యర్థము. జెనీవా వాసియైన పిక్తే 1841–42 సంవత్సరములలో వీనిపై ప్రత్యేకగ్రంథమును వెలువరించెను. ఒకరి పొరపాటును మఱియొకరు దిద్దుట శాస్త్రమున అవమానము కాదు. అదియే దాని యాచారము.

సెలయేటిలో దొరకిన శాబకము రాతియీగదో, మేఫ్లై అను వేఱొక కీటకముదో నిర్ణయించుట యెట్లు? రెండును రాళ్ళ క్రిందనే యుండును, రెంటికిని తోకలుండును. పరీక్షకుడు వరుసగా ప్రశ్నించుకొనును. తోకలు ఎన్ని? రాతియీగకు రెండే, మేఫ్లైకి సాధారణముగా మూడు, కాని కొన్నింటికి రెండే యుండును. కావున తోకల సాక్ష్యము చాలదు. పాదము చివర గోళ్ళు ఎన్ని? రాతియీగకు రెండు, మేఫ్లైకి ఒకటి. మొప్పలు ఎక్కడ నున్నవి? మేఫ్లైకి ఉదరమున కిరుప్రక్కల ఆకులవలె నమరియుండును. రాతియీగకు మొప్పలున్నచో చాలవఱకు వక్షముచెంత, కాళ్ళ మొదళ్ళ యందు కుచ్చులవలె నుండును. ఇట్లు ఒక్కొక్క ప్రశ్నకు రెండు దారులు చూపుచు, తుదకు పేరునొద్దకు కొనిపోవు పట్టికలను శాస్త్రజ్ఞులు రచించిరి. ఫ్రాన్సు దేశమున లామార్కు 1778లో మొక్కల గ్రంథమునందు ఇట్టి పట్టికనే వాడెను. ఒక్క గుర్తును నమ్మి తీర్పు చెప్పరాదనుట ఈ పద్ధతి నేర్పు పాఠము. వంగతోటలోని బాలుడు చుక్కలను మాత్రమే చూచి తీర్పు చెప్పెను.

రాతియీగలలో నేటివఱకు గుర్తింపబడిన జాతులు మూడువేల యైదువందలకు పైగా నున్నవి. మన దక్షిణదేశమునను, పశ్చిమకనుమల సెలయేళ్ళలో నియోపెర్లా అను ప్రజాతికి చెందినవి కలవు. పెరిగిన యీగలలో ననేకము చూపునకు ఒక్కతీరుగ నుండును. ఉదరాగ్రమునందలి సూక్ష్మావయవములను సూక్ష్మదర్శినితో పరీక్షించినగాని జాతి తెలియదు. మఱియొక చిత్రము కలదు. వీనిలో పెక్కుజాతుల మగయీగ తన యుదరమును కొమ్మపై తట్టుచు డప్పు వాయించును. ఆడయీగ బదులు తట్టును. జాతిజాతికిని ఆ దరువు వేఱు. కన్ను తేల్పలేని భేదమును ఒక్కొక్కయెడ చెవి తేల్చును.

ఈ సూక్ష్మపరిశోధనము పండితుల వినోదము కాదు. రాతియీగల శాబకములకు ప్రాణవాయువు సమృద్ధిగా కరిగియున్న నిర్మలజలము కావలెను. నీరు చెడినచో ముందుగా నశించువానిలో నివి చేరును. అందుచేత ఏటినీటి మంచిచెడ్డలను నిర్ణయించువారు రాళ్ళు తిరుగవేసి, వీనిని లెక్కింతురు. నోరులేని యీ పురుగు నీటి తరపున సాక్ష్యము పలుకును. అమెరికాలోని మొంటానా రాష్ట్రమున మంచునదులు కరగిన చల్లనినీటి కాలువలలో లెడ్నియా టుమానా అను రాతియీగ జీవించుచున్నది. భూమి వేడెక్కి ఆ మంచునదులు తరిగిపోవుచుండుటచే, 2019లో ఆ దేశప్రభుత్వము దానిని ఆపదలోనున్న జీవుల పట్టికలో చేర్చినది. ఏ జీవికైనను ముందు పేరు తెలిసినగదా తరువాత రక్షణ! ప్రత్యేకజాతియని ఎవరును గుర్తింపనిది నశించినను, నశించినదని యెఱుగువారు ఉండరు.

గుర్తింపు తెలియమిచే మనుష్యుల ప్రాణములే పోవుట కలదు. ఈ సంగతి తెలుగునేలకు సంబంధించినది. మలేరియాజ్వరమును దోమలు వ్యాపింపజేయునేమో యని ప్యాట్రిక్ మ్యాన్సన్ అను వైద్యుడు ఊహించెను. దానిని ఋజువు చేయుటకు రోనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు 1895 నుండి సికింద్రాబాదునందును, ఇతరస్థలములందును కృషిచేసెను. రెండేండ్లు దోమలను కోసి చూచెను. రోగక్రిమి కానరాలేదు. కారణ మేమన, అతడు పరీక్షించినవి బూడిదరంగు దోమలు, చారలదోమలు. అవి మనుష్యునకు వచ్చు మలేరియాను మోయునవి కావు. దోమల జాతులను వర్ణించు గ్రంథము అతని చేతిలో లేదు. అతడే రంగును బట్టి తోచిన పేరులు పెట్టుకొనెను. 1897 ఆగస్టులో అతని పనివారు తెచ్చిన పిల్లపురుగులనుండి రెక్కలపై మచ్చలుగల దోమలు పుట్టినవి. రాస్ వానికి మచ్చరెక్కల దోమలని పేరిడెను. హుసేన్‌ఖాన్ అను మలేరియా రోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున పుచ్చుకొని, వానిచే కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీన మచ్చరెక్కల దోమ కడుపులో రాస్ తాను వెదకుచున్న రోగక్రిమి కణములను కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది.

ఆ మచ్చరెక్కల దోమకు శాస్త్రమున పేరు లేకపోలేదు. మైగెన్ అను జర్మనుడు అనాఫిలిస్ అను ప్రజాతిని 1818లోనే యేర్పఱచియుండెను. పేరు పుస్తకములలో దాదాపు ఎనుబదియేండ్లుగా నున్నది. రోగము ఊళ్ళలో నున్నది. రెంటిని కలిపినవారు లేరు. 1898లో ఇటలీదేశమున గ్రాస్సీ అను జంతుశాస్త్రజ్ఞుడు, మలేరియాగల చోట్ల ఏ యే దోమలున్నవో, లేనిచోట్ల ఏ యే దోమలున్నవో సరిపోల్చి చూచి, అనాఫిలిస్ దోమయే దోషియని తేల్చెను. జాతులను గుర్తింప నేర్చినవాడగుటచే అతనికి ఆ త్రోవ దొరకెను. నేడు బడిపిల్లలును ఈ దోమను పోల్చుకొనగలరు. గోడపై వ్రాలినపుడు అనాఫిలిస్ దోమ తల వంచి, తోక పైకెత్తి ఏటవాలుగా నిలుచును. క్యూలెక్స్ దోమ గోడకు సమాంతరముగా నుండును. అనాఫిలిస్ పిల్లపురుగు నీటిపైపొరకు అంటి పరుండును. క్యూలెక్స్ పిల్లపురుగు తలక్రిందుగా వ్రేలాడును.

కథ అక్కడ ముగియలేదు. యూరోపులో కొన్ని ప్రాంతములందు అనాఫిలిస్ దోమలు విస్తారముగా నున్నను మలేరియా లేకుండెను. 1926లో ఫల్లెరోనీ అను ఇటలీదేశీయుడు ఆ దోమల గ్రుడ్లను పరిశీలించి, వానిపై గల చిత్రవర్ణములు ఒక్కతీరుగ లేవని చూపెను. పెరిగిన దోమలు చూపునకు ఒక్కటియే. గ్రుడ్లను బట్టి చూడగా జాతులు పెక్కు. వానిలో కొన్ని పశువుల రక్తమునే యెక్కువగా పీల్చును. కొన్ని మనుష్యులను బాధించును. మనమొక్కటి యనుకొన్నది పెక్కు కావచ్చును. 2003లో కెనడా శాస్త్రజ్ఞుడు పాల్ హెబర్టు, జీవకణములందలి డీఎన్ఏలోని ఒక చిన్నభాగమును చదివి జాతిని నిర్ణయించు పద్ధతిని ప్రతిపాదించెను. అది గొప్ప సాయము. అయినను, ఆ చదివినదానిని సరిపోల్చుటకు, పూర్వము ఎవరో ఓర్పుతో గుర్తించి భద్రపఱచిన నమూనా యుండవలెను గదా!

ఆ నమూనాల ప్రక్కన నుండు చిన్నకాగితపు ముక్కయే ఈ విద్యకు ప్రాణము. ఎక్కడ దొరకినది, ఏనాడు దొరకినది, ఎవరు పట్టిరి అను మూడు సంగతులును దానిపై నుండవలెను. అవి లేని పురుగు ఎంత యందమైనదైనను శాస్త్రమునకు పనికిరాదు. లిన్నేయసు సేకరించిన కీటకములు లండను నగరమున నేటికిని భద్రముగా నున్నవి. వానిని పరీక్షించి నేటివారు నాటి తీర్పులను సరిచూచుకొనుచున్నారు. ‘తెలియలేదు’ అని వ్రాసిన చీటీకిని అక్కడ గౌరవము కలదు. తెలియనిదానికి తొందరపడి పేరు పెట్టుటకంటె, తెలియలేదని వ్రాసి యుంచుట మేలు. వెనుకవచ్చువాడు దానిని తేల్చును.

వంగతోటలోని బాలుడు ఆ యేడు మొదలుకొని ఒక నోటుపుస్తకమును ఉంచుకొనెను. అందు తేదీ, పైరు పేరు, పురుగు రంగు, వీపు మెఱుపు, కాళ్ళ లెక్క, అది తినుచున్న వస్తువు వరుసగా వ్రాయసాగెను. మొదటి పుటలలో ‘తెలియలేదు’ అను మాటయే యెక్కువ. మరుసటియేడు తాత మరల వంగనారు నాటెను. ఒక యుదయమున ఆయన ఆకుపై చుక్కల పురుగును చూచి, డబ్బా చేతపట్టుకొనియే, మనుమని పిలిచెను.

“ఏమిరా, ఇది మనదా? పరులదా?”

వాడు ఈమారు పుస్తకమున ఏమి వ్రాసియున్నదో చెప్పలేదు. “చూచి చెప్పెదను తాతా” అని భూతద్దము తీసి, మోకాళ్ళపై వంగెను. వీపు మెఱయుచున్నది. ఆకు అడుగున పేనుబంక కలదు. ఆ పేనుబంక నడుమ నల్లని పిల్లపురుగు పరుగెత్తుచున్నది.

“మనదే తాతా” అనెను.

తాత ఒక్క క్షణము మనుమని ముఖము చూచెను. పిమ్మట డబ్బాలోని నీళ్ళను గట్టుమీద పాఱబోసి, కలుపు తీయుటకు పోయెను. ఆ సాయంకాలము బాలుని పుస్తకమున ‘తెలియలేదు’ అని యున్న పాతవరుస యొకటి దిద్దబడినది. తెలిసికొనుట యనగా, తెలిసినదని పలుకుటకు ముందు మఱియొకమారు వంగి చూచుట.